‘పేరైనం గలదే’ అన్న బలి, శిబి పేరు ఎందుకెత్తాడు?

ప్రశ్న (బరంపురం నుంచి):
మాస్టారు గారూ, మా అబ్బాయికి ‘కారే రాజులు’ పద్యం నేర్పుతున్నాను. పోయిన రాజులకు భూమి మీద పేరైనా మిగిలిందా అని అడుగుతాడు బలి. వెంటనే శిబిలాంటి వాళ్ళను ఇప్పటికీ మరిచారా అంటాడు. పేరు నిలవదంటున్నాడా, నిలుస్తుందంటున్నాడా? వాడికి ఏం చెప్పాలి?

జవాబు (పర్లాకిమిడి నుంచి):
అమ్మా, సరైన చోటే పట్టుకున్నారు. అందరికీ కనబడేలా పద్యం ఇక్కడ పెడుతున్నాను.

కారే రాజులు? రాజ్యముల్ గలుగవే? గర్వోన్నతిం బొందరే?
వారేరీ? సిరి మూటగట్టుకొని పోవం జాలిరే? భూమిపై
బేరైనం గలదే? శిబిప్రముఖులుం బ్రీతిన్ యశఃకాములై
యీరే కోర్కులు? వారలన్ మరచిరే యిక్కాలమున్ భార్గవా!

పోతన భాగవతం, అష్టమ స్కంధం. వామనుడికి దానం ఇవ్వొద్దని శుక్రాచార్యుడు అడ్డుపడితే బలి ఇచ్చిన సమాధానం ఇది.

క్రియలు చూడండి. ఆ రాజులు రాజ్యాలు సంపాదించారు, గర్వంతో పొంగారు, సిరి మూటగట్టుకోవాలనుకున్నారు. అన్నీ తమ వైపు లాక్కునే పనులే. శిబి దగ్గరికి వచ్చాకే ‘ఈరే’, అంటే ఇవ్వలేదా అన్న మాట వస్తుంది. పద్యం మొత్తానికి ఇవ్వడం అన్నది అక్కడొక్కచోటే. అంటే లాక్కున్నవాళ్ళ పేరు నిలవదు, ఇచ్చినవాళ్ళ పేరు నిలుస్తుంది అంటున్నాడు బలి. ‘యశఃకాములై’ అన్నది కూడా వదలకండి. శిబికి కీర్తి మీద ఆశ లేదని బలి అనలేదు. ఆశ ఉంది, దానికోసం తన ఒంటి మాంసం కోసి ఇచ్చాడు. పేరు కోరుకోవడం తప్పని ఈ పద్యంలో ఎక్కడా లేదు.

మీ బరంపురంలో తెలుగు సినిమా విడుదలైన రోజు హాలు ముందు ఫ్లెక్సీలు చూసే ఉంటారు. పైన హీరో నిలువెత్తు బొమ్మ, కింద వరసగా మన కుర్రాళ్ళ పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు, ఒక్కొక్కరి కింద పేరు. చందాలు వేసుకుని కట్టించేదీ వాళ్ళే, పాలాభిషేకం చేసేదీ వాళ్ళే. ఆ హీరోకి వీళ్ళెవరో కూడా తెలీదు. మరో శుక్రవారానికి అవే కర్రల మీద వేరే ఫ్లెక్సీ. ఆ చిన్న ఫొటోల్లో మొహాలు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. చదువుకోవలసిన, పని నేర్చుకోవలసిన పిల్లలు. తమ పేరు నలుగురికీ కనబడాలన్న కోరిక వాళ్ళకీ ఉంది, దాన్ని తీసుకెళ్ళి ఎవరి కాళ్ళ దగ్గరో పెడుతున్నారు.

ఫోన్లలోనూ ఇదే. ఫలానా ఆయన ఏం చేస్తాడురా అని అడిగితే, ఆయనకి ఇన్ని లక్షల ఫాలోవర్లున్నారు అంటారు. నేనడిగిందేమిటి, వాళ్ళు చెప్పిందేమిటి!

ప్రశ్న (బరంపురం నుంచి):
అర్థమైందండి. కానీ శిబి అంటే మావాడు కథ అనేస్తాడు. మన వైపు వాళ్ళెవరినైనా చూపించగలమా?

జవాబు (పర్లాకిమిడి నుంచి):
గిడుగు రామమూర్తి గారున్నారు కదమ్మా. 1880లో మా ఊళ్ళో రాజావారి బడిలో మాస్టరుగా చేరారు. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరలనే గిరిజనులు మాట్లాడే భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాశారు. ఆ కొండల్లో తిరిగి జ్వరం తెచ్చుకున్నారు, క్వినైన్ వాడకంతో వినికిడి పోయింది. భాషలు వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి చెవులు పోవడమంటే ఎంత కష్టమో మీవాడికి విడమరిచి చెప్పండి. అయినా ఆయన ఆగలేదు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. మధ్యలో 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది, ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవం అంటున్నాం.

వ్యాఖ్య (రాయగడ నుంచి):
మాస్టారూ, మా పాప ‘గర్వోన్నతిం’ దగ్గర తడబడుతోంది. చిట్కా ఏమైనా ఉందా?

జవాబు (పర్లాకిమిడి నుంచి):
ఉందమ్మా. ఇది శార్దూలం, పదమూడో అక్షరం దగ్గర యతి. కా-గ, వా-వం, బే-బ్రీ, యీ-యి జత కుదురుతాయి. ‘కలుగవే’ అన్నాక కాస్త ఆగి, ‘గర్వోన్నతిం’ కొత్త ఊపిరితో ఎత్తుకోమనండి. రెండో పాదంలో మాత్రం ‘పోవం’ మాట మధ్యలో యతి పడుతుంది కాబట్టి అక్కడ ఆపొద్దు, ‘వారేరీ’ తర్వాత ఆపితే చాలు.