బీదర్ ఝరణీ నరసింహస్వామి గుహ: అమ్మను, ఏడేళ్ల బాబును తీసుకెళ్లవచ్చా?

ప్రశ్న:
వచ్చేవారం హైదరాబాద్ నుంచి జహీరాబాద్ మీదుగా కారులో వెళ్తున్నాం. దర్శనానికి గుహలో నీళ్లలోంచే నడవాలట. అమ్మకు 62, కాస్త ఆయాసం ఉంది. బాబుకు ఈత రాదు. లోతెంత? ఏం వేసుకోవాలి? ఫోన్లు, తాళాలు ఏం చేయాలి?

జవాబు 1:
సొరంగం సుమారు 300 మీటర్లు, తిరిగి రావడం కూడా ఆ దారినే. నీళ్లు నడుము నుంచి రొమ్ము దాకా ఉంటాయి, వానలను బట్టి నాలుగైదు అడుగులు. ఈత అక్కర్లేదండీ. కానీ ఏడేళ్ల పిల్లాడికి అది తల మునిగే లోతు. భుజాల మీద ఎక్కించుకోవాల్సిందే, పక్కన ఇంకో మనిషి పట్టుకుని ఉండాలి. నీళ్లలో నేల కనపడదు, అందుకని అడుగు ఎత్తి వేయకుండా పాదాన్ని నేలకు రాస్తూ జరపండి.

జీన్స్ వద్దు, తడిస్తే బరువు. చీర కుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకుంటాయి, చుడీదార్ నయం. చున్నీ నడుముకు బిగించి కట్టాలి.

జవాబు 2:
ఆయాసం ఉంటే అమ్మగారిని లోపలికి తీసుకెళ్లకండి. నీళ్లకంటే గాలితోనే ఇబ్బంది. సొరంగానికి అవతలి వైపు దారి లేదు, గాలి సరిగా ఆడదు. స్వామి ముందు ఏడెనిమిది మంది నిలబడేంత చోటే ఉంది. వాళ్లు కదిలేదాకా వెనకవాళ్లంతా రొమ్ములోతు నీళ్లలో ఆగిపోతారు, ఉక్క పెరుగుతుంది, నీటి ఒత్తిడికి ఊపిరి ఇంకా బరువవుతుంది. శని, ఆదివారాలు మానేసి మామూలు రోజున పొద్దున్నే వెళ్లండి.

పైన గబ్బిలాలు వేలాడుతుంటాయి. అరవకపోతే, టార్చి వేయకపోతే వాటి మానాన అవి ఉంటాయి. స్వామి చంపిన జలాసురుడనే రాక్షసుడే నీరై ఆయన పాదాల దగ్గర పారుతున్నాడని నమ్మకం కాబట్టి చాలామంది ఆ నీళ్లు తీర్థంగా పుచ్చుకుంటారు. గబ్బిలాల రెట్ట పడే నీళ్లవి, నెత్తిన చల్లుకోండి చాలు. బాబు నోట్లోకి అసలు పోనివ్వకండి.

జవాబు 3:
రిమోట్ ఉన్న కారు తాళం తడిస్తే స్టార్ట్ కాక అక్కడే ఇరుక్కుంటారు. తాళం, ఫోన్లు, పొడిబట్టల సంచి బయట అమ్మగారి దగ్గరే ఉంచండి. కళ్లజోడుకు తాడు కట్టుకోండి.

ప్రవేశం ఆపేసిన సందర్భాలూ ఉన్నాయి, ముందురోజే కనుక్కుని బయల్దేరండి. మీ దర్శనం అయ్యాక అమ్మగారిని అదే ఊళ్లోని నానక్ ఝీరా గురుద్వారాకు తీసుకెళ్లండి. అక్కడా రాతిలోంచి ఊట వస్తుంది, నీళ్లలో దిగకుండానే చూడొచ్చు. అక్కడి లంగర్‌లో (ఉచిత భోజనశాలలో) భోజనం కూడా అయిపోతుంది.