అప్‌డేట్: పక్క బల్లకు పంపిన మెయిల్ ఊరు దాటడం ఆగింది

పర్లాకిమిడిలో మా బియ్యం మిల్లు సర్వర్ గురించి పోయిన వారం అడిగింది నేనే. గుమస్తా పక్క బల్లకు పంపిన మెయిల్ కూడా బయటి చిరునామాగా మారిపోయి, నెట్ లేనప్పుడు క్యూలోనే కూర్చునేది. దొంగ దొరికాడు. పోస్ట్‌ఫిక్స్‌లో (మా మెయిల్ సర్వర్ ప్రోగ్రాం) నేను పెట్టిన కెనానికల్ మ్యాప్స్ (ఏ లోపలి చిరునామాను ఏ బయటి చిరునామాగా మార్చాలో చెప్పే జాబితా) పంపేవారి చిరునామాతోపాటు అందుకునేవారిదీ మార్చేస్తాయి. కవరు మీదా (సర్వర్లు చూసి చేరవేసే చిరునామా), లోపలి హెడర్‌లోనూ (చదివేవారికి కనిపించే From, To వరుసలు). వాటిని తీసేసి, అదే జాబితాను ఎస్‌ఎంటీపీ జెనెరిక్ మ్యాప్స్ అనే సెట్టింగ్‌కు ఇచ్చాను. ఇవి మెయిల్ ఎస్‌ఎంటీపీ (సర్వర్ నుంచి సర్వర్‌కు మెయిల్ చేరవేసే పద్ధతి) ద్వారా గడప దాటేటప్పుడే పనిచేస్తాయి.

అయినా గంటసేపు ఏ మార్పూ లేదు! ఫైలు దిద్దాక పోస్ట్‌మ్యాప్ (ఆ జాబితాను సర్వర్ చదివే డీబీ ఫైలుగా మార్చే ఆదేశం) నడపడం మరిచాను. సర్వర్ పాత డీబీ ఫైలునే చదువుతోంది. నాకు నేనే మొట్టికాయ వేసుకున్నాను. ఇప్పుడు గుమస్తా మెయిల్ లోపలే తిరుగుతోంది, భువనేశ్వర్ వెళ్లే బిల్లు మాత్రం బయటి చిరునామాతో పోతోంది.