ఎసిటిక్ యాసిడ్ వీక్ అంటారు కదా, మరి టైట్రేషన్‌లో హెచ్‌సీఎల్‌తో సమానంగా బేస్ ఎందుకు పట్టింది?

కొత్తబ్యూరెట్:
బీఎస్సీ ఫస్టియర్ నేను. నిన్న ల్యాబ్‌లో టైట్రేషన్ (యాసిడ్ మొత్తం తీరిపోవడానికి ఎంత బేస్ పడుతుందో కొలవడం) ఉంది, 0.1 మోలార్ హెచ్‌సీఎల్ (హైడ్రోక్లోరిక్ యాసిడ్) 10 ఎంఎల్ తీసుకుని చేస్తే అదే గాఢత సోడియం హైడ్రాక్సైడ్ 10 ఎంఎల్ పట్టింది, అది ఓకే. తర్వాత 0.1 మోలార్ ఎసిటిక్ యాసిడ్ 10 ఎంఎల్ పెట్టా. వీక్ కదా, నూటికి ఒకటో రెండో అణువులు మాత్రమే అయాన్లుగా విడిపోతాయి కదా, రెండు చుక్కలకే పింక్ వచ్చేస్తుందని బ్యూరెట్ ట్యాప్ మీద చెయ్యి తియ్యకుండా కూర్చున్నా. రాదే! దానికీ 10 దగ్గరే వచ్చింది. సార్‌ని అడిగితే ఈక్విలిబ్రియం మళ్లీ చదువుకో అనేసి వెళ్లిపోయారు. ఎవరైనా మామూలు భాషలో చెప్పండి ప్లీజ్

పాతల్యాబ్‌కోటు:
తమ్ముడూ, డబ్బు లెక్కలో చూడు. ఇద్దరి దగ్గరా తలా వెయ్యి రూపాయలున్నాయి. హెచ్‌సీఎల్ మొత్తం జేబులోనే పెట్టుకు తిరుగుతాడు, ఎసిటిక్ యాసిడ్ జేబులో 13 రూపాయలే ఉంచుకుని మిగతాదంతా బ్యాంకులో వేశాడు (0.1 మోలార్ దగ్గర విడిపోయేది దాదాపు 1.3 శాతం). పీహెచ్ మీటర్ చూసేది జేబు ఒక్కటే, అందుకే ఒకడికి 1, ఇంకొకడికి 2.9 చూపిస్తుంది, అంటే హెచ్ ప్లస్ అయాన్లలో దాదాపు 75 రెట్ల తేడా. సోడియం హైడ్రాక్సైడ్ మాత్రం గుమ్మంలో కూర్చున్న అప్పులోడు, జేబులోది లాక్కోగానే వాడు బ్యాంకు నుంచి ఇంకొంచెం తీస్తాడు, అదీ లాక్కుంటాడు, అలా అలా వెయ్యీ అయ్యేదాకా లేవడు. విడిపోయిన అయాన్లు తగ్గేకొద్దీ కొత్తవి విడిపోతూనే ఉంటాయి, మీ సార్ చెప్పిన ఈక్విలిబ్రియం ఇదే.

చింతపులుసు:
అంటే హెచ్‌సీఎల్‌లో బాగా నీళ్లు కలిపితే అది వీక్ అయిపోయినట్టేనా అండి? మా ఇంట్లో బాత్రూమ్ యాసిడ్‌కి అలాగే అంటారు

పాతల్యాబ్‌కోటు:
కాదండి, అది పల్చబడింది అంతే. గాఢత వేరు, బలం వేరు. చిత్రం ఏంటంటే ఎసిటిక్ యాసిడ్‌ని పల్చన చేసేకొద్దీ విడిపోయే శాతం ఇంకా పెరుగుతుంది, 0.001 మోలార్‌కి వచ్చేసరికి 12 శాతం దాటుతుంది. అయినా దాన్ని స్ట్రాంగ్ అనం, ఎందుకంటే దాని కేఏ (యాసిడ్ ఎంత సులువుగా విడిపోతుందో చెప్పే స్థిరాంకం) మారలేదు, 25 డిగ్రీల దగ్గర అదే 1.8 ఇంటూ 10 పవర్ మైనస్ 5.

గాజుసీసా:
ఇంకో మాట, వీక్ అంటే చేతిమీద పడినా ఏం కాదు అనుకునేవాళ్లని చూశా. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ కూడా లెక్క ప్రకారం వీకే, పీకేఏ (కేఏనే లాగ్‌లో రాసిన అంకె, ఎంత తక్కువైతే యాసిడ్ అంత బలం) 3.2 దాకా ఉంటుంది. కానీ అది గాజునే తినేస్తుంది కాబట్టి ప్లాస్టిక్ సీసాల్లో పెడతారు, పల్చటిది ఒంటిమీద పడితే మొదట్లో నొప్పి కూడా తెలియకపోవచ్చు, లోపలికి దిగి ఒంట్లో కాల్షియాన్ని పట్టేస్తుంది. దాంతో పనిచేసే చోట కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేలా పెట్టుకుంటారు. ఫ్లోరిన్ హైడ్రోజన్‌ని గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి వీక్, అంతేగానీ సాధువు కాదు.

అన్నట్టు కొత్తబ్యూరెట్, నువ్వు ఫినాఫ్తలీన్ (పింక్ రంగు చూపించే ఇండికేటర్) వేశావు కాబట్టి బతికావు. ఎసిటిక్ యాసిడ్‌కి ఎండ్ పాయింట్ పీహెచ్ 8.7 చుట్టుపక్కల వస్తుంది. మిథైల్ ఆరెంజ్ అనే ఇండికేటర్ అంతకంటే చాలా తక్కువ పీహెచ్ దగ్గరే రంగు మారుతుంది, అది వేసుంటే సుమారు 3 ఎంఎల్‌కే పసుపు తిరిగేది, నువ్వు నా లెక్కే కరెక్ట్ అనుకునేవాడివి 😄

కొత్తబ్యూరెట్:
అప్పులోడి లెక్కతో వెలిగింది అన్నా, థాంక్స్. మరి సగం దారిలో, అంటే 5 ఎంఎల్ పోసినప్పుడు రెండింటికీ పీహెచ్ ఒకటే ఉంటుందా?

పాతల్యాబ్‌కోటు:
ఉండదు. హెచ్‌సీఎల్‌కి 1.5 దగ్గర ఉంటుంది, ఎసిటిక్‌కి 4.76 చుట్టూ, అదే దాని పీకేఏ. మీటర్ ఖాళీగా దొరికితే చూడు.

కొత్తబ్యూరెట్:
గురువారం మళ్లీ ల్యాబ్ ఉంది, మీటర్ పెడతా. మిథైల్ ఆరెంజ్‌తో కూడా ఒకటి చేసి చూస్తా, సార్ చూడకుండా