డాస్‌లోకి యునిక్స్ టూల్స్: డీజేజీపీపీతో పోర్ట్ చేస్తే ఎక్కడ తేడా కొడుతుంది?

పాతపీసీ: ఫ్రీడాస్ 1.3, 386 మెషీన్, 8 ఎంబీ ర్యామ్. లైనక్స్‌లో శుభ్రంగా నడిచే కంప్రెషన్ టూల్ ఒకటి డీజేజీపీపీ (డాస్‌కి సీ కంపైలర్) 2.05తో కంపైల్ చేస్తే వార్నింగ్ ఒక్కటీ రాలేదు. కానీ ప్యాక్ చేసిన ఫైల్ విప్పబోతే సీఆర్‌సీ ఎర్రర్, అంటే డేటా చెడిందని చెప్పే చెక్‌సమ్ తేడా. పైగా ఫైల్ సైజు లైనక్స్‌లో కంటే కాస్త ఎక్కువ. ఫోర్క్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌కి ఇంకో కాపీని, అంటే చైల్డ్‌ని, పుట్టించే యునిక్స్ కాల్) వాడే టూల్ ఇంకోటి ఉంది, దాన్నేం చేయాలి?

మేక్‌ఫైల్_మావయ్య: సైజు పెరిగిందంటే టెక్స్ట్ మోడేనండీ, అనుమానం అక్కర్లేదు. రాసేటప్పుడు ప్రతి 0ఏ బైట్ (హెక్స్‌లో, కొత్త లైన్ గుర్తు) ముందు ఒక 0డీ (క్యారేజ్ రిటర్న్) చేరుతుంది. కంప్రెస్ అయిన డేటాలో 256 బైట్లకు ఒక 0ఏ పడుతుంది కాబట్టి 1 ఎంబీ ఫైల్‌కి సుమారు 4,096 బైట్లు అదనం. మీ లెక్కతో పోల్చి చూడండి. చదివేటప్పుడు ఇంకా ఘోరం: 1ఏ బైట్, అంటే కంట్రోల్-జెడ్, కనబడగానే ఫైల్ అయిపోయిందనుకుని ఆగిపోతుంది.

ఎఫ్‌ఓపెన్‌లో "ఆర్" ఉన్నచోట "ఆర్‌బీ", "డబ్ల్యూ" ఉన్నచోట "డబ్ల్యూబీ" పెట్టండి. ఓపెన్ కాల్‌కి ఓ_బైనరీ ఫ్లాగ్ కలపండి. ఎస్‌టీడీఇన్, ఎస్‌టీడీఅవుట్‌లని (ప్రోగ్రామ్ మామూలు ఇన్‌పుట్, అవుట్‌పుట్) బైనరీకి మార్చడానికి సెట్‌మోడ్ పిలవాలి, అయితే ముందు ఈజ్‌ఏటీటీవైతో అది కన్సోలా కాదా చూసి, కన్సోల్ కాకపోతేనే. కన్సోల్‌ని బైనరీలో పెడితే కంట్రోల్-సీ పనిచేయదు.

ఎఫ్‌ఏటీ16: అసలు ప్రమాదం ఇంకోటుంది. యునిక్స్ కోడ్‌లో టెంపరరీ ఫైల్ తెరిచిన వెంటనే అన్‌లింక్ (డిలీట్) చేయడం మామూలే. అక్కడ చివరి హ్యాండిల్ (తెరిచిన ఫైల్‌కి ప్రోగ్రామ్ దగ్గరున్న నంబర్) మూసేదాకా డేటా ఉంటుంది. డాస్‌లో డిలీట్ అనగానే ఎఫ్‌ఏటీలో (డిస్క్‌లో ఏ ముక్క ఏ ఫైల్‌దో రాసుకునే పట్టిక) ఆ క్లస్టర్లు, అంటే ఆ ముక్కలు, ఖాళీ అయిపోతాయి. పాత హ్యాండిల్‌తో మీరు రాస్తూనే ఉంటారు, ఈలోగా అవే క్లస్టర్లు ఇంకో ఫైల్‌కి పోవచ్చు. అప్పుడు చెడేది మీ టెంప్ ఫైల్ కాదు, పక్కవాడి ఫైల్. ఎర్రర్ మెసేజ్ ఏదీ రాదు, చెక్‌డిస్క్ నడిపితే క్రాస్-లింక్ (ఒకే క్లస్టర్ రెండు ఫైళ్లలో ఉంది) అని బయటపడుతుంది. సోర్స్‌లో అన్‌లింక్ ఉన్న ప్రతి లైనూ గ్రెప్‌తో వెతికి, ముందు క్లోజ్, తర్వాతే అన్‌లింక్ అయ్యేలా మార్చండి. టీఎంపీఫైల్ ఫంక్షన్ వాడితే మూసినప్పుడు లైబ్రరీయే తీసేస్తుంది.

స్పాన్_రాజు: ఫోర్క్ పేరు లైబ్రరీలో ఉంది కాబట్టి లింక్ అవుతుంది. నడిపితే ఎప్పుడూ -1 వస్తుంది. ఫోర్క్ తర్వాత వెంటనే ఎగ్జెక్ (వేరే ప్రోగ్రామ్‌ని నడిపే కాల్) ఉంటే ఆ రెండూ తీసేసి, పీ_వెయిట్‌తో (అది ముగిసేదాకా ఆగమని) స్పాన్‌వీపీ పెట్టండి. చైల్డ్ తన పని తనే చేసుకునే డిజైన్ అయితే మొత్తం తిరగరాయాల్సిందే. నన్నడిగితే అలాంటి టూల్ వదిలేయడమే మేలు. ఇంకో కమాండ్ అవుట్‌పుట్ చదవడానికి పీఓపెన్ ఉంది, అదీ నిజం పైప్ కాదు: కమాండ్ పూర్తయ్యాకే టెంప్ ఫైల్ నుంచి మీకు డేటా అందుతుంది. ఆగకుండా అవుట్‌పుట్ ఇచ్చే కమాండ్‌ని దాంతో నడిపితే డిస్క్ నిండేదాకా తిరుగుతూనే ఉంటుంది.

పాతపీసీ: ఓ_బైనరీతో సైజు సరిపోయింది, సీఆర్‌సీ కూడా. ఇప్పుడు కాన్ఫిగర్ స్క్రిప్ట్ (బిల్డ్‌కి ముందు మెషీన్‌ని పరీక్షించేది) దగ్గర ఆగింది. కాన్ఫిగ్.హెచ్.ఇన్ లేదంటోంది.

మేక్‌ఫైల్_మావయ్య: డాస్ 8.3 పేరులో (ఎనిమిది అక్షరాలు, చుక్క, మూడు అక్షరాలు) రెండు చుక్కలు చెల్లవు కదండీ. పొడుగు పేర్ల డ్రైవర్ డాస్ఎల్‌ఎఫ్‌ఎన్ లోడ్ చేసి, ఎల్‌ఎఫ్‌ఎన్=వై అని సెట్ చేసుకుంటే పొడుగు పేర్లు నడుస్తాయి. మామూలు డాస్ మీద కూడా బిల్డ్ అవ్వాలంటే దాన్ని కాన్ఫిగ్.హెచ్‌ఇన్ చేసి, ఏసీ_కాన్ఫిగ్_హెడర్స్ లైన్‌లో "కాన్ఫిగ్.హెచ్:కాన్ఫిగ్.హెచ్‌ఇన్" అని రాయండి. టార్ ఫైల్ విప్పేటప్పుడే డీజేటార్‌కి (డీజేజీపీపీతో వచ్చే విప్పే టూల్) -ఎన్ ఆప్షన్‌తో పాతపేరు-కొత్తపేరు జాబితా ఇవ్వొచ్చు. మొదటి ఎనిమిది అక్షరాలూ ఒకటే అయిన సోర్స్ ఫైళ్లు ఉన్నాయేమో కూడా చూసుకోండి.

క్రాస్_కంపైలర్: 386 మీద కాన్ఫిగర్ నడిపే ఓపిక ఎవరికుంది సార్! లైనక్స్‌లోనే --హోస్ట్=ఐ586-పీసీ-ఎంఎస్‌డాస్‌డీజేజీపీపీ అని ఇచ్చి బిల్డ్ చేసి, ఈఎక్స్ఈ మాత్రం కాపీ చేయండి. పక్కనే సీడబ్ల్యూఎస్‌డీపీఎంఐ.ఈఎక్స్ఈ (32-బిట్ ప్రోగ్రామ్‌కి డాస్‌లో మెమరీ అందించే డీపీఎంఐ సర్వర్) పెట్టకపోతే "నో డీపీఎంఐ" అని ఆగిపోతుంది. మెషీన్‌లో కోప్రాసెసర్ లేకపోతే దాని బదులు పనిచేసే ఎమ్యులేటర్ ఈఎంయూ387.డీఎక్స్ఈ కూడా కావాలి, ఫ్లోటింగ్ పాయింట్ లెక్కలుంటేనే. రికర్షన్ ఎక్కువున్న టూల్ క్రాష్ అయితే ఈఎక్స్ఈ సెట్టింగులు మార్చే స్టబ్‌ఎడిట్‌తో మిన్‌స్టాక్=2048కే (స్టాక్ సైజు) ఇచ్చి మళ్లీ నడపండి, రీకంపైల్ అక్కర్లేదు.