ముఖం తుడుచుకునే క్రోషే ప్యాడ్లు: అల్లుకుంటే చవకా, కొంటే చవకా?

పొదుపరి:
ఉతికి మళ్లీ వాడుకునే ప్యాడ్లు కావాలి, రోజుకు రెండు చొప్పున. క్రోషే వచ్చు, హుక్ ఉంది, నూలు మాత్రం కొనాలి. అల్లుకోవడం నిజంగా చవకేనా? "ఖర్చేం ఉంటుందండీ" అనే మాట వద్దు, లెక్క చెప్పండి.

నూలుండ:
50 గ్రాముల కాటన్ ఉండ తీసుకోండి, సుమారు 85 మీటర్లు ఉండే మధ్యరకం మందం. 4 మి.మీ. హుక్. మ్యాజిక్ రింగులో (కొస లాగితే బిగిసే నూలు ఉచ్చు) 12 డబుల్ క్రోషేలు, అంటే పొడవు కుట్లు, రెండో వరసలో ప్రతి కుట్టులో రెండేసి వేస్తే 24, మూడో వరసలో ఒకటి విడిచి ఒకటి పెంచితే 36. ఎనిమిది సెంటీమీటర్ల బిళ్ల వస్తుంది, దాదాపు 3 గ్రాములు తూగుతుంది. ఉండకు 15 వస్తాయి, చేయి వదులైతే 13. ఉండ ధరను 15తో భాగించి, కొనే ప్యాడ్ ఒక్కదాని ధర పక్కన పెట్టండి. నేను చెప్పినవి అమెరికా పేర్లు. బ్రిటిష్ నమూనాల్లో డబుల్ క్రోషే అంటే పొట్టి కుట్టు. అది వేస్తే బిళ్ల చిన్నదై బిరుసుగా తేలుతుంది. అక్రిలిక్ జోలికి పోకండి, నీళ్లు పీల్చదు.

లెక్కలపిచ్చి:
నూలుండ గారూ, 15 దగ్గర ఆగిపోయారు. వారానికి 14, ఉతికినవి ఆరేలోపు వాడటానికి ఇంకో 4. మొత్తం 18, అంటే 54 గ్రాములు. నాలుగు గ్రాముల కోసం రెండో ఉండ! మిగిలే 46 గ్రాముల ధర కూడా ఆ ప్యాడ్ల మీదే పడుతుంది. ఇక టైము. బిళ్లకు 10 నిమిషాలు, నూలు కొసలు లోపలికి దాచడానికి 2. పద్దెనిమిదికి మూడున్నర గంటలు దాటుతుంది. కొనే సెట్టు ధరలోంచి నూలు ఖర్చు తీసేసి మూడున్నరతో భాగించండి, మీ గంట కూలి అదే. ఆ అంకె చూశాక కొనుక్కుంటారు.

కుట్టుమీదకుట్టు:
సాయంత్రం ఖాళీగా కూర్చుని అల్లేదానికి కూలి ఎవరిస్తారండీ? ఆ లెక్క అమ్మడానికి చేసేవాళ్లకి. రెండో ఉండ కూడా అక్కర్లేదు. మూడో వరసే సగం నూలు తింటుంది. ఆ నాలుగింటినీ రెండు వరసలతో ఆపితే కళ్లకు సరిపోయే చిన్న బిళ్లలు, మొత్తం 6 గ్రాములు. పద్నాలుగు పెద్దవాటికి 42, వీటికి 6, కలిపి 48. ఒక్క ఉండలో అయిపోయింది.

అసలు తేడా ఎన్నాళ్లు మన్నుతాయన్న దగ్గర వస్తుంది. క్రోషే ప్యాడ్ ఎక్కువగా నడిమధ్య విడిపోతుంది. కాటన్‌కు సాగే గుణం తక్కువ, పొట్టి కొస నాలుగు ఉతుకుల్లో జారిపోయి రింగు నోరు తెరుస్తుంది. కనీసం 15 సెం.మీ. కొస వదిలి, రింగు చుట్టూ ఒకసారి పోనిచ్చి, వెనక్కి తిప్పి, పోగులను చీల్చుకుంటూ కుట్టండి. వలసంచిలో వేసి ఉతకండి. ఫ్యాబ్రిక్ కండిషనర్ వద్దు, నూలుకు పూతలా పట్టి పీల్చడం తగ్గిపోతుంది. కొన్న ప్యాడ్‌కు అంచు ఓవర్‌లాక్ (పోగులు ఊడకుండా వేసే మిషన్ కుట్టు) ఊడితే బాగుచేయడం కష్టం. అల్లినదైతే సూదితో బిగించొచ్చు.

టోనర్‌బొట్టు:
అందరూ నూలు దగ్గరే ఉన్నారు. టోనర్ సంగతి? పొడి క్రోషే ప్యాడ్ మీద పోస్తే సగం లోపలే ఉండిపోతుంది. నెలల తరబడి అలా పోయేది నూలు ఖర్చును మించుతుంది. ముందు నీళ్లతో తడిపి, గట్టిగా పిండి, ఆ తర్వాత టోనర్ వేయాలి. లేదంటే టోనర్ చేత్తో రాసుకుని, ప్యాడ్‌ను క్లెన్సర్ తుడవడానికే ఉంచుకోండి. కొందరు సందులు కనిపిస్తున్నాయని రెండు బిళ్లలు కలిపి కుడతారు. నూలు రెట్టింపు, ఆరడం ఆలస్యం, ముక్క వాసన. దానికన్నా హాఫ్ డబుల్‌తో, అంటే డబుల్ కన్నా కాస్త పొట్టి కుట్టుతో, దగ్గరగా అల్లడం నయం.

లెక్కలపిచ్చి:
టోనర్ మాట ఒప్పుకుంటా. అందుకే అంటున్నా, టోనర్‌కైతే పలచటి గుడ్డ ప్యాడ్లు కొనడమే మేలు. మందం తక్కువ, తాగేదీ తక్కువ.

కుట్టుమీదకుట్టు:
పలచటి గుడ్డే కావాలంటే పాత కాటన్ బనీను కత్తిరించండి, కొనడం దేనికి!

పొదుపరి:
ఒక్క ఉండే తెస్తాను, రంగు వేయనిది. మూడు బిళ్లలయ్యాక ఉండను తూస్తాను. 41 గ్రాములకు బాగా తగ్గితే చేయి వదులన్నమాట, 3.5 హుక్‌కు మారతాను.