పాత బండికి కొత్త స్టీరింగ్ షాఫ్ట్: విప్పే ముందు ఏమేం చూసుకోవాలి?

ప్రశ్న:
నా పాత బండిలో స్టీరింగ్ కొద్దిగా తిప్పితే ముందు చక్రాలు వెంటనే కదలడం లేదు. స్టీరింగ్ కాలమ్‌కూ స్టీరింగ్ గేర్‌బాక్సుకూ మధ్య ఉండే షాఫ్ట్ కింది కొసన రబ్బరు కప్లింగ్ పగుళ్లు తీసి కనిపిస్తోంది. దాని బదులు రెండు యూనివర్సల్ జాయింట్లు (వంపులో కూడా తిరిగే కీళ్లు) ఉన్న షాఫ్ట్ తెప్పించుకున్నాను. బండికి ఎయిర్‌బ్యాగ్ కూడా ఉంది. ఏ జాగ్రత్తలు తీసుకోవాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1:
ముందుగా లోపం షాఫ్ట్‌లోనే ఉందని నిర్ధారించుకోండి. ఒకరిని స్టీరింగ్ అటూ ఇటూ కొద్దికొద్దిగా ఆడించమని చెప్పి, మీరు బానెట్ కింద చూడండి. కప్లింగ్ పైభాగం తిరుగుతూ, గేర్‌బాక్సులోకి వెళ్లే ఇరుసు కదలకపోతే తప్పు కప్లింగ్‌దే. ఇరుసు తిరిగినా పిట్‌మన్ ఆర్మ్ (గేర్‌బాక్సు నుంచి చక్రాల వైపు కదలికను అందించే చేయి) కదలకపోతే మాత్రం అరుగుదల గేర్‌బాక్సులో ఉన్నట్టే. అప్పుడు షాఫ్ట్ మార్చినా ప్లే (స్టీరింగ్ వృథాగా ఆడటం) పోదు.

జవాబు 2:
ఎయిర్‌బ్యాగ్ ఉన్నదంటే మొదటి పని చక్రాలను తిన్నగా నిలిపి, బ్యాటరీ తీగ విప్పి, మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగి, స్టీరింగ్ వీల్ తిరగకుండా కట్టివేయడం. షాఫ్ట్ విడిపోయాక వీల్‌ను ఆపేది ఏదీ ఉండదు. అది పొరపాటున ఒక చుట్టు తిరిగిపోయి, అలాగే బిగిస్తే, లోపల చుట్టలుగా ఉండి ఎయిర్‌బ్యాగ్‌కు కరెంటు అందించే క్లాక్ స్ప్రింగ్ కేబుల్ తర్వాతెప్పుడో పూర్తి మలుపులో తెగుతుంది, ఎయిర్‌బ్యాగ్ పనిచేయదు.

షాఫ్ట్ కొసను ఇరుసుకు బిగించే పించ్ బోల్టును వదులు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి తీయాలి, ఎందుకంటే చాలా బండ్లలో అది ఇరుసు మీది గాడిలో కూర్చుని ఉంటుంది. తుప్పు పట్టి కదలకపోతే నూనె పోసి నాననివ్వండి, ఆ బోల్టు బిగించే చీలికను ఉలి మొనతో కొద్దిగా తెరవండి. సుత్తితో మాత్రం కొట్టవద్దు. ప్రమాదంలో కుదించుకుపోయేలా చేసిన షాఫ్టుల్లోని ప్లాస్టిక్ పిన్నులు ఆ దెబ్బకే విరిగిపోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
కొత్త షాఫ్ట్ వ్యాసం ముప్పావు అంగుళం, పాతదీ అంతే. సరిపోతుందా?

జవాబు 3:
వ్యాసం ఒక్కటే చూసి బిగించకండి. ముప్పావు అంగుళంలోనే కొస చుట్టూ 30 పళ్లున్నవీ, 36 పళ్లున్నవీ ఉన్నాయి, లెక్కపెట్టి చూడండి. రెండు జాయింట్ల మధ్యనున్న షాఫ్ట్‌కు రెండు కొసల ఫోర్కులూ (జాయింటును పట్టుకునే రెండు కొమ్మల భాగాలు) ఒకే వరుసలో ఉండాలి. లేకపోతే వీల్ ఒక చుట్టు తిరిగేలోపు రెండుసార్లు బరువెక్కి, రెండుసార్లు తేలికవుతుంది. రబ్బరు లేదు కాబట్టి రోడ్డు అదురు చేతులకు మునుపటికన్నా ఎక్కువగా తెలుస్తుంది, అది లోపం కాదు. కొత్త బోల్టు వేసి టార్క్ రెంచితో (బిగువును కొలిచే పానా) బిగించాక, వీల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తిప్పి, షాఫ్ట్ ఎగ్జాస్ట్ పైపుకు ఎక్కడా తగలడం లేదని చూసుకున్న తర్వాతే బండిని రోడ్డెక్కించండి.