మా దగ్గర పబ్లిక్ హియరింగ్ పెట్టారు, వెళ్లినవాళ్లు చెప్పండి

కందిచేను: మా పక్కూళ్లో సున్నపురాయి గని పెంచడానికి ప్రజాభిప్రాయ సేకరణ అని పేపర్లో వేశారు. మూడు వారాలుంది. ఎక్కువమంది వద్దంటే ఆగిపోతుందా? కుర్రాళ్లేమో టెంటు పీకేద్దామంటున్నారు.

బడిపంతులు: ఆగదండీ. అక్కడ ఓటింగ్ ఉండదు. 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం కోరం కూడా అక్కర్లేదు, పదిమంది వచ్చినా జరిగినట్టే. టెంటు పీకితే మీ అభ్యంతరం రికార్డుకెక్కదు, పైగా పిల్లల మీద కేసులు. ముందు ఈఐఏ రిపోర్టు చూడండి. కలెక్టరేట్, జిల్లా పరిషత్, పరిశ్రమల కేంద్రం, పంచాయతీ ఆఫీసుల్లో ఉండాలి.

గోదారిగట్టు: "ఉండాలి" అన్నారు చూడండి, కథంతా అక్కడే! నేను నాలుగోసారి వెళ్తే గానీ బీరువా తాళం దొరకలేదు. లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. తెలుగు సారాంశం పది పదిహేను పేజీలు, అందులో మా చెరువు ఊసే లేదు. నేను దాన్నే పట్టుకున్నా. సర్వే నంబర్లు, ఆయకట్టు ఎకరాలు రాసి, అడంగల్ కాపీ, చెరువు ఫొటో జతచేసి కాలుష్య నియంత్రణ మండలి ఆఫీసులో ఇచ్చా. రసీదు ఇచ్చేదాకా కదల్లేదు.

సీమమిరప: మా దగ్గర పదకొండింటికి మీటింగంటే ఎనిమిదికే ముందు వరుసలు నిండిపోయాయి. బస్సుల్లో దించారు. ఒకరి తర్వాత ఒకరు "ఉద్యోగాలొస్తాయి, స్వాగతిస్తున్నాం" అని అదే మాట. మా పెద్దమ్మ మైకు లాక్కుని "బోరు ఇప్పటికే మూడొందల అడుగులకు పోయింది, ఇంకా తవ్వితే నీళ్లెవరిస్తారు?" అంది. చివర్లో అధికారులు చదివిన సభ రికార్డులో ఆ ముక్క లేదు. వీడియో తీశారుగా, వేసి చూడండని పట్టుబడితే అప్పుడు రాశారు.

ఐటీఐ ఫిట్టర్: మద్దతిచ్చిన వాళ్లంతా బస్సెక్కి వచ్చినవాళ్లే కాదన్నా. నేను మా ఊళ్లో కావాలనే మాట్లాడా. స్థానికులకు ఎన్ని ఉద్యోగాలో నంబరు చెప్పమని అడిగితే మాత్రం "పరిశీలిస్తాం" అన్నారు.

కందిచేను: ఒడిశా నియమగిరిలో ఊళ్లు వద్దంటే బాక్సైట్ గని ఆగింది కదా?

బడిపంతులు: అది వేరు. 2013లో సుప్రీంకోర్టు చెప్పడంతో అక్కడ గ్రామసభలు పెట్టారు, పన్నెండూ వద్దన్నాయి. మీది అభిప్రాయాలు రాసుకుని పైకి పంపే సభ. సీమమిరప గారు చెప్పిందే ముఖ్యం. సభ అయ్యాక జరిగినదంతా తెలుగులో చదివి వినిపించి, కలెక్టరో ఆయన తరఫున వచ్చిన అధికారో ఆరోజే సంతకం పెట్టాలి. అప్పటికి జనం భోజనాలకు లేచిపోతారు. నలుగురైనా కూర్చోండి.

ఉద్దానం అల్లుడు: శ్రీకాకుళం జిల్లా సోంపేట మర్చిపోకండి. థర్మల్ ప్లాంటు వద్దన్న జనం మీద 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు పోయారు. అదేరోజు ఢిల్లీలో పర్యావరణ అప్పీళ్ల అథారిటీ ఆ ప్లాంటు అనుమతి రద్దు చేసింది. బీల చిత్తడి నేలను పనికిరాని భూమిలా చూపారన్నదే అక్కడి గొడవ. మీ రిపోర్టులో భూమి వివరాలు ఒకటికి రెండుసార్లు చూడండి.

కందిచేను: రేపే వెళ్తా. చెరువు ఆయకట్టు లెక్క ఎక్కడ దొరుకుతుంది?

గోదారిగట్టు: ఇరిగేషన్ ఏఈ దగ్గర. పొద్దున్నే వెళ్లండి, పదకొండు దాటితే ఫీల్డుకి పోతారు.